విరిగిన చోటు

విరిగిన యాక్సిల్ ముక్కను నాన్న గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. వెలుతురుకేసి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. కూతురి బల్ల దగ్గరికి నడిచాడు. ఆ బల్ల వెనక గోడకు పొడుగాటి మేకు ఒకటుంది. మేకుకు ఇనుప తీగ, తీగకు ఇదివరకు విరిగినవన్నీ గుత్తిగా వేలాడుతున్నాయి. అడుగున పళ్ళూడిన గేర్లు, మెలితిరిగిన షాఫ్టు కొసలు, పగిలిన కప్లింగులు, పైన యాక్సిల్ ముక్కలు. కొత్త ముక్కను కూడా ఆ గుత్తికి కట్టి చేతులు దులుపుకున్నాడు.

ఆ షెడ్డు ఆచారం అది. ఎవరు బిగించిన భాగం విరిగితే ఆ ముక్క వాళ్ళ బల్ల మీదే వేలాడాలి. పొద్దున్నే పనిలోకి రాగానే ఎవరి తప్పు వాళ్ళ కళ్ళెదుట ఉండాలని నాన్న సిద్ధాంతం. వినడానికి ఎంతో ధర్మంగా ఉంటుంది. ఆ ధర్మం తన నెత్తి మీద వేలాడనంతకాలం ఎవరికైనా అలాగే ఉంటుంది.

అన్నయ్య ఇంజన్లు చేస్తాడు. అతని బల్ల వెనక కూడా అలాంటి మేకే ఉంది, కాని దానికి తగిలించాల్సినదేదీ ఇంతవరకు విరగలేదు. మేకు ఊరికే ఉండడమెందుకని దానికి కాలెండరు వేలాడదీశాడు. నెల మారినప్పుడల్లా చెల్లెలి వంక చూసి చిన్నగా నవ్వి, పాత కాగితం చింపుతాడు.

ఇంజను ఆగిన చోట ఆమె పని మొదలవుతుంది. క్లచ్చు, గేర్ల పెట్టె, అక్కణ్ణుంచి కారు పొట్ట కింద వెనక్కి పోయే పొడుగు షాఫ్టు, ఆ తిప్పుడును చక్రాల వైపు మళ్ళించే వెనక క్రౌను, అటూ ఇటూ యాక్సిళ్ళు. ఇంజను పుట్టించిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోయేదంతా ఆమెదే. అందుకే ఆమెను అందరూ పెట్టెమ్మ అంటారు. కొండెక్కే కార్ల పోటీకి పోయే కారును ఆ షెడ్డు ఏటా తయారుచేస్తుంది. ఏటా అన్నయ్య ఇంజనుకు బలం పెంచుతాడు, ఏటా ఆమె వైపు ఏదో ఒకటి విరుగుతుంది. గెలిస్తే "ఇంజనంటే అదీ" అంటారు. విరిగితే "పెట్టె తట్టుకోలేదు" అంటారు. మూట బరువు పెంచినవాణ్ణి వదిలేసి, మోసేవాడి నడుం వంక వేలు చూపించే లోకం ఇది.

"మళ్ళీ నీదేనమ్మా," అన్నాడు నాన్న.

"విరిగిన చోటు వేరు, తప్పున్న చోటు వేరు నాన్నా. కారు తోలే బావ, ఇంజను గోలపెట్టేదాకా తొక్కి ఒక్కసారిగా క్లచ్చు వదిలితే..."

"ఈ పాట ప్రతిసారీ వింటున్నాను. ఇంజను విరిగిందా?"

"లేదు."

"మరి?"

ఆ 'మరి' దగ్గర ఆమె మాట ఎప్పుడూ ఆగిపోతుంది. జవాబు లేక కాదు. వినేవాడు లేక.

నాన్న ఆమెకు కొంచెం దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు అరిచిన గొంతు కంటే ప్రమాదమని ఆమెకు తెలుసు. "చూడమ్మా, ఈసారి పోటీలో ఏం విరిగినా పెట్టెల పని బయటికి ఇచ్చేద్దాం. నిన్ను పొమ్మనడం లేదు. ముందు గదిలో కూర్చుని ఫోన్లు మాట్లాడు. నీ గొంతు బాగుంటుంది."

ఆమె ముందు గదిలోకి తొంగి చూసింది. ఫోను బల్ల వెనక కొత్త కుర్చీ ఉంది. చక్రాల కుర్చీ. మెత్తటి వీపు. ఇంకా ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. అంటే ఈ మాట ఇప్పుడు అనుకున్నది కాదన్నమాట. యాక్సిల్ విరగక ముందే కుర్చీ వచ్చేసింది. చిన్నప్పుడు పాఠశాల నుంచి వచ్చి సంచి మూలన పడేసి, ఈ షెడ్డులోనే గేర్లు కడుగుతూ పెరిగిన మనిషి ఆమె. ఫోనులో గొంతు బాగుంటుందట.

* * *

మర్నాడు అన్నయ్య ఇంజను మీద వంగి గొట్టాలు బిగిస్తుంటే వెళ్ళి పక్కన నిలబడింది.

"ఈసారి ఎంత పెంచుతున్నావు?"

"పెంచాక తెలుస్తుందిగా."

"పెంచాక తెలిస్తే నేనేం చేసుకోను? ముందు చెప్తే దానికి తగ్గట్టు చేస్తాను."

"పెంచడం నా పని. విరక్కుండా చూడ్డం నీ పని." తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. "ఆ పదమూడు స్పానరు ఇలా ఇయ్యి."

ఇచ్చింది. అలవాటు. ఇచ్చాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

నాన్న అటుగా వస్తే ఆపి, ఇద్దరికీ కలిపి చెప్పింది. "ఒక్క మాట వినండి. గేర్లు పోవడం చూశాక యాక్సిళ్ళను నేను కావాలనే కొంచెం పలచగా ఉంచుతున్నాను. ఇంట్లో ఫ్యూజు ఉంటుంది చూడండి, అలాగన్నమాట. మోయలేనంత దెబ్బ తగిలితే ముందు అదే పోవాలి. బయట ఉంటుంది, మార్చడం తేలిక. అది పోబట్టే లోపల పెట్టె, క్రౌను, ఇంజను మిగులుతున్నాయి."

నాన్న మొహం మారింది. ఆమె చెప్పినదాంట్లో ఆయనకు ఒక్క ముక్కే పట్టుబడింది. "అంటే విరుగుతుందని తెలిసే పెట్టావా?"

"విరగాల్సి వస్తే అదే విరగాలని..."

"విన్నావురా?" కొడుకు వైపు తిరిగాడు. "కావాలనే విరిగేది బిగించిందట! మనమేమో ప్రతిసారీ తల పట్టుకుని కూర్చుంటున్నాం."

అన్నయ్య నవ్వాడు. కాపలా కాసినవాణ్ణే దొంగ అని పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి నాన్నా," అందామె. "వెనకంతా గట్టి చేసి మూసేస్తే అది మాయమైపోదు. ముందుకొస్తుంది. అన్నయ్య ఇంజను మీదికే వస్తుంది."

"బలం ఇంజను నుంచి చక్రానికి పోతుందే తల్లీ. చక్రం నుంచి ఇంజనుకు వస్తుందా? ఏరు కొండెక్కుతుందా?" అన్నాడు అన్నయ్య.

"దిగుడులో గేరు తగ్గిస్తే బండిని ఏది ఆపుతోంది? నీ ఇంజనే కదా? చక్రాలు దాన్ని తిప్పుతున్నట్టే కదా?"

"అది వేరు, ఇది వేరు," అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

నాన్న తీర్పు చెప్పేశాడు. "ఫ్యూజులూ వద్దు, గీజులూ వద్దు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏదీ విరక్కూడదు. అంతే."

"సరే. విరగదు," అందామె.

* * *

కోపంతో చేసిన పని చెడుతుందంటారు. అన్నవాళ్ళు ఆమె పని చూసి ఉండరు. కోపం వస్తే ఆమె చేతులు ఇంకా నెమ్మదిస్తాయి.

పాత గేర్లు తీసి పక్కన పెట్టింది. వాటి పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. సాఫీగా నడుస్తాయి, చప్పుడు చెయ్యవు, కాని బరువు పెరిగేకొద్దీ షాఫ్టును పక్కకు నెడతాయి. వాటి చోట వెడల్పయిన సూటి పళ్ళ గేర్లు పెట్టింది. నడుస్తుంటే ఇవి ఈల వేసినట్టు గోల చేస్తాయి, కాని నెట్టవు, వంగవు. పంటి మొదట్లో సన్నటి గీత ఉన్నా బీట అక్కణ్ణుంచే మొదలవుతుందని, ఒక్కొక్క పన్నునూ నూనెరాయితో రుద్ది నున్నగా చేసింది. కాల్చి నూనెలో ముంచి పైపొర గట్టిపరిచే చోటికి తనే మోసుకుపోయింది. చిన్న చిన్న ఉక్కు గుండ్లతో వాటి ఒళ్ళంతా కొట్టించి తెచ్చింది. దెబ్బలు తిన్న ఇనుము బీటలకు లొంగదు. మనుషుల విషయం మాత్రం ఆమెకు అంత నమ్మకంగా తెలియదు.

బలం ఎక్కినప్పుడు రెండు షాఫ్టులూ ఒకదాన్నొకటి దూరంగా తోసుకోవాలని చూస్తాయి, పెట్టె గోడ నోరు తెరుస్తుంది. ఆ గోడకు లోపలి నుంచి మందపాటి ఉక్కు పలక వేసి బిగించింది. క్లచ్చుకు గట్టి స్ప్రింగుల పలక, లోహపు డిస్కు. పొడుగు షాఫ్టు లావుది. క్రౌను పళ్ళకు నీలిరంగు పూసి తిప్పి, ఏ పన్ను ఎక్కడ ఆనుతోందో చూసి, కాగితమంత పలచని రేకులు వేసీ తీసీ, మచ్చ సరిగ్గా పంటి నడుమకు వచ్చేదాకా వదల్లేదు. చివరికి యాక్సిళ్ళు. లావైన కొత్త యాక్సిల్ చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఇక్కడ ఏమాత్రం మెత్తదనం ఉంచినా ఇంజను బతుకుతుంది. కాని విరిగిన ముక్క ఎవరి మేకుకు వేలాడుతుంది? ఆ తర్వాత ఆమె ఏ కుర్చీలో కూర్చోవాలి? అన్నయ్య ఇంజనును కాపాడడానికి తన బల్ల పోగొట్టుకోవాలా? చెప్పాల్సినది చెప్పింది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. యాక్సిల్‌ను లోపలికి నెట్టి బిగించేసింది.

ఒక్క చోట మాత్రం మనసు ఊరుకోలేదు. గేరు కడ్డీ కింద చిన్న స్ప్రింగు పెట్టింది.

సాయంత్రం బావ వచ్చాడు. అత్త కొడుకు. పోటీలో కారు తోలేది అతనే. సీట్లో కూర్చుని గేర్లు మార్చి చూసి మొహం చిట్లించాడు. "మరదలా, కడ్డీ బిగదీస్తోంది. చెయ్యి పట్టేస్తోంది."

"పట్టాలనే పెట్టాను. మూడు నుంచి నాలుగుకు లాగేటప్పుడు నీ చెయ్యి పక్కకు వాలుతుంది బావా. వాలితే రెండో గేరు పడుతుంది. పాత పెట్టె అయితే గరగరమని మొత్తుకుని ఒప్పుకునేది కాదు. ఇది అలా కాదు, ఏ వేగంలో ఏ గేరు ఇచ్చినా కరుచుకుంటుంది, చక్రాలే ఇంజనును దాని శక్తికి మించి తిప్పేస్తాయి. ఆ స్ప్రింగు నీ చేతిని పక్కకు పోనివ్వదు."

"నా చెయ్యి వాలుతుందా?" బావకు తలకొట్టేసినట్టయింది. "మామయ్యా, విన్నారా? నాకు గేర్లు వెయ్యడం నేర్పుతోంది పెట్టెమ్మ!"

నాన్న ముందు గదిలోంచే అరిచాడు. "తోలేవాడికి తెలీదా? తీసెయ్యమ్మా."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అని గొణిగింది.

"ఏంటి?"

"ఏం లేదు. తీస్తున్నా."

కారు కిందికి దూరి స్ప్రింగు ఊడదీసి జేబులో వేసుకుంది.

* * *

పోటీకి ముందు రోజు సాధనకు కొండ దారి మూసి ఇచ్చారు. మొదటి రెండు మలుపులు దాటాక ఒక పొడుగాటి ఎక్కుడు ఉంది. అక్కడ గట్టు మీద నాన్న, అన్నయ్య, ఆమె నిలబడ్డారు.

కారు కనిపించక ముందే వినిపించింది. కింద మలుపు దగ్గర ఇంజను గర్జన, దాని మీదుగా సూటి పళ్ళ ఈల. అన్నయ్య గర్జన వింటున్నాడు. ఆమె ఈల వింటోంది. ఎక్కడా తడబాటు లేదు, టకటకమనడం లేదు. నీలి మచ్చ ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని ఆ ఈలే చెబుతోంది. ఒక్క క్షణం ఆమె కోపం మరిచిపోయింది. తన పని ఇంత అందంగా కూయడం ఆమె ఎప్పుడూ వినలేదు.

కారు మలుపు తిరిగి ఎక్కుడులోకి వచ్చింది. రెండు. మూడు. ఇంజను గొంతు పైకి, ఇంకా పైకి పోయింది. ఇక నాలుగు వెయ్యాలి.

గొంతు దిగాల్సిన చోట దిగలేదు. దాన్ని ఎవరో జుట్టు పట్టి లాగినట్టు ఒక్కసారిగా కీచుమంటూ పైకి లేచింది. వెనక చక్రాలు రోడ్డును గీరాయి. తర్వాత గలగలమని ఏవో చెంచాలు డబ్బాలో పోసి ఆడించిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కారు తన ఊపుకు తానే కొంచెం దూరం దొర్లి గట్టు పక్కన ఆగింది.

ఆమె చెయ్యి జేబులోని స్ప్రింగును గట్టిగా పట్టుకుంది.

బావ దిగాడు. ఒంటికి దెబ్బేమీ లేదు, మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది. నాన్న గబగబా అతని దగ్గరికి పోయి, భుజాలు తడిమి చూసి, వెనక్కి తిరిగి మొట్టమొదట అన్న మాట ఇదీ: "పెట్టె పోయింది కదూ?"

పెట్టె పోయిందట! ఇంజను కళ్ళముందే ప్రాణం విడిచింది. దాని చావుకేక కొండంతా విన్నది. అయినా ఆ మనిషి నోటికి పెట్టె అన్న మాటే వచ్చింది.

* * *

షెడ్డుకు రాగానే ముందు పెట్టే విప్పమన్నాడు నాన్న. ఆమె విప్పింది. నూనె పళ్ళెంలోకి దిగింది. అందులో ఇనుప రజను లేదు, ముక్క లేదు. ఒక్కొక్క గేరూ తీసి తుడిచి బల్ల మీద వరసగా పేర్చింది. ఒక్క పన్ను కూడా పోలేదు. క్లచ్చు చూపించింది. షాఫ్టు చూపించింది. క్రౌను విప్పింది. యాక్సిళ్ళు లాగి నేల మీద పెట్టింది. "చూసుకోండి. ఏదీ విరక్కూడదన్నారు. విరగలేదు," అంది.

అప్పుడు అన్నయ్య ఇంజను మూత ఎత్తాడు. వాల్వులన్నీ వంకర్లు పోయాయి. పిస్టన్ల నెత్తి మీద వాటి మొహాల అచ్చులు పడి ఉన్నాయి. ఒక వాల్వు తల తెగి కిందపడి పిస్టనును పిండి చేసింది. అన్నయ్య వాటిని ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద వరసగా పేర్చాడు. ఎన్ని వారాలు వంగి చేసిన పనో ఆమెకు తెలుసు. ఆ చేతులు చూసి జాలి వేసింది. జాలి వేసినందుకు కోపం కూడా వచ్చింది.

నాన్న తల తెగిన వాల్వు కాడను తీసుకుని గుడ్డతో తుడిచాడు. వెలుతురుకేసి పట్టాడు. అలవాటుగా రెండడుగులు కూతురి బల్ల వైపు వేసి ఆగిపోయాడు. తప్పు దిక్కు. మెల్లగా కాలెండరు వైపు తిరిగాడు.

"నాన్నా!" అన్నయ్య లేచి నిలబడ్డాడు. "అదేంటి? అక్కడ తగిలిస్తావా? ఇంజనేం చేసింది? చక్రాలు వెనకనుంచి పట్టి తిప్పేస్తే అదేం చేస్తుంది? విరిగింది నా దగ్గరైతే తప్పు నాదైపోతుందా?"

షెడ్డులో అందరూ ఆ మాట విన్నారు. ఆమె మరీ బాగా విన్నది. అక్షరం పొల్లుపోకుండా తన మాట. ఇన్నేళ్ళుగా ఈ గోడలకు చెప్పుకున్న మాట. అది అన్నయ్య నోట రాగానే నాన్న ఆగిపోయాడు. ఒక్కసారి అంటే చాలింది అతనికి!

"రెండో గేరు పడింది మామయ్యా," అన్నాడు బావ నేల చూస్తూ. "నాలుగనుకున్నాను. చెయ్యి వాలింది."

నాన్న చేతిలో వాల్వు అలాగే ఉండిపోయింది. "అయితే వాడి తప్పు కాదన్నమాట," అన్నాడు కొంచెం తేలికపడి.

"కాదు," అందామె. "అన్నయ్య తప్పు కాదు. ఎవరూ అడక్కపోయినా చెప్తున్నాను. అయినా తగిలించు నాన్నా."

"కాదని నువ్వే అంటున్నావుగా."

"మేకు ఎప్పుడైనా తప్పెవరిదని అడిగిందా? నా దగ్గర అడగలేదే! అక్కడైనా తగిలించు, లేదంటే వీటిని దింపు. రెండూ కుదరవు."

"తోడబుట్టినవాడి మీద ఇంత కసేంటే?"

"కసే. ఎందుకుండకూడదు? పొద్దున్నే లేచి రోజూ నేను ఆ గుత్తి మొహం చూస్తున్నాను. మీరెవరూ చూడ్డం లేదు." ఏడవకూడదనుకుంది, కాని కళ్ళు ఆమె మాట వినలేదు. "నా దగ్గర విరిగితే అది నా తప్పు. వాడి దగ్గర విరిగితే ఏమైందో కనుక్కోవాలి. ఇదేం ధర్మం నాన్నా?"

నాన్న వాల్వును కాలెండరుకూ తగిలించలేదు, గుత్తికీ కట్టలేదు. చొక్కా జేబులో వేసుకుని బయటికి పోయాడు. అది ఓటమో, మొండితనమో ఆమెకు అర్థం కాలేదు.

* * *

ఆ ఏడు పోటీకి పోలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆమె షెడ్డులోకి వచ్చేసరికి అన్నయ్య ఆమె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కటింగు ప్లేయరుతో తీగ తెంపుతున్నాడు. గుత్తి బరువుకు ఒక చేత్తో కాసుకోలేక మోకాలు అడ్డం పెట్టాడు. తీగ తెగింది. ముక్కలన్నీ బల్ల మీద గలగలమని పడ్డాయి. ఆమె చీపురు మూలన పెట్టి చూస్తూ నిలబడింది. సాయం చెయ్యలేదు.

"ఇంత బరువుందా ఇది!" అన్నాడతను చెయ్యి నలుపుకుంటూ.

"ఉంది."

కాసేపు ఒక ముక్కను ఇటు దొర్లించి, ఒకదాన్ని అటు దొర్లించాడు. "మళ్ళీ ఇంజను కడుతున్నాను. మొదలుపెట్టే ముందు అడుగుదామని... అసలు నీ వైపు ఎంత తట్టుకుంటుంది? ఎక్కడ ఆపమంటావు?"

తమాషా చేస్తున్నాడేమోనని మొహంలోకి చూసింది. నవ్వు లేదు.

ఆమె ముందు గదిలోకి వెళ్ళింది. ఫోను బల్ల వెనక ఉన్న కొత్త కుర్చీని తోసుకుంటూ షెడ్డులోకి వచ్చింది. చక్రాలు గచ్చు మీద గరగరలాడాయి. ప్లాస్టిక్ సంచిని రెండు చేతులతో బర్రున చింపి, కుర్చీని తన బల్ల పక్కన పెట్టింది.

"కూర్చో," అంది. "ఒక్క మాటలో అయ్యేది కాదు."

అన్నయ్య కూర్చున్నాడు. ఆమె ముక్కల్లో వెతికి, అన్నిటికంటే అడుగున తుప్పు పట్టి ఉన్న గేరు తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు దీని సంగతి విను. ఇది నువ్వు నాకు చెప్పకుండా మొదటిసారి బలం పెంచినప్పటిది."

ముందు గదిలో ఫోను మోగింది. ఇద్దరూ కదల్లేదు. అది మోగీ మోగీ ఆగి, మళ్ళీ మోగింది. నాన్న బయటినుంచి వచ్చి, ఇటు ఒకసారి చూసి, వెళ్ళి ఫోను ఎత్తాడు. కుర్చీ లేదు కనక నిలబడే మాట్లాడాడు.